గ్యాంట్సేలో ఎండకాగిన గోడ

మా ఇంటి ఓనరు శ్యామల ఆంటీ వీసా, విమానం లేకుండా ఒకావిడను కెనడాలోని కిచెనర్ నుంచి టిబెట్ తీసుకెళ్లి, అదే సాయంత్రం తిరిగి తెచ్చింది. సాక్షిని నేనే. ఆ ఏడాది ఊరి మీదికి వరదలా వచ్చిపడ్డ విద్యార్థుల్లో, కాలేజీ మానేసిన వాళ్లకు ర్యాంకులిస్తే మొదటిది నాదే. అందుకే మధ్యాహ్నాలు ఇంట్లో దొరికేవాణ్ణి.

ఆంటీది అనంతపురం. ఇక్కడ స్కూల్ బస్సు నడుపుతుంది. కోవిడ్‌కు ముందు కైలాస యాత్రకు పోతూ దారిలో టిబెట్‌లోని గ్యాంట్సే అనే ఊళ్లో ఆగింది. కొండ మీద కోట, కింద మఠం, మఠంలో అంతస్తులుగా లేచిన తెల్లటి స్తూపం, దాని పైన నాలుగు దిక్కులా చూసేలా గీసిన కళ్లు. ఆ కళ్లు రెప్ప వాలిస్తేనే లోయలో చీకటి పడుతుందని నాతోపాటు ఆంటీ బేస్‌మెంట్‌లో అద్దెకుండే కుర్రాళ్లను నమ్మించాను.

పక్కింటి పేమా గారు పుట్టింది ఆ ఊళ్లోనే. ఐదేళ్లప్పుడు వదిలి వచ్చి కర్ణాటకలోని టిబెటన్ల క్యాంపులో పెరిగారు. ఊరి గురించి ఆమెకు మిగిలింది ఒక్కటే: వెచ్చటి గోడకు ఆనుకుని పైకి చూస్తే, రెండు కళ్లు. అది టీవీలో చూసి ఉంటావని కొడుకు కొట్టిపారేసేవాడు. నిజమో కాదో తేల్చుకోవాలని ఆంటీని పిలిపించారు. నేనూ వెంటపడ్డాను.

"స్తూపం మొత్తం ఎక్కి చూశానని చెప్పండి ఆంటీ, ఏం పోయింది" అన్నాను గుమ్మంలో.

"నోరు మూసుకొని బూట్లు విప్పురా."

ఇద్దరూ కన్నడంలో మాట్లాడుకున్నారు. నాకు సగం అర్థమైంది, మిగతా సగం అందంగా పూరించుకున్నాను.

"పైదాకా ఎక్కినావా?" అని పేమా గారు అడిగారు.

"లేదక్కా. ఆ ఎత్తుకు తల పగిలిపోయింది. మావాళ్లంతా లోపలికి పోతే, నేను స్తూపానికి ఎదురుగా గోడకు ఆనుకొని కూలబడినా."

పేమా గారు టీ కప్పు కింద పెట్టారు. "గోడ ఎట్లుండె?"

"ఎండకు కాగి వెచ్చగుండె. కుక్కలు కూడా దానికే ఆనుకొని పండుకున్నాయి. తలెత్తితే ఆ కళ్లు. వాంతి వస్తాదని మళ్లీ దించుకుంటి."

పేమా గారు సోఫాకు తల ఆనించి కళ్లు మూసుకున్నారు. కిటికీ బయట మంచు పేలపిండిలా ఎగురుతోంది. గది గోడలు మెల్లగా తెల్లబడి ఎండెక్కాయి. కార్పెట్ మీద ఓ కుక్క ఒత్తిగిల్లింది. ఎక్కడో కొండ కడుపులోంచి పొడవాటి బూర మోగింది. వాళ్లిద్దరూ చేయీ చేయీ పట్టుకుని స్తూపం చుట్టూ ప్రదక్షిణగా నడుస్తూ, మలుపు తిరిగి నాకు కనబడకుండా పోయారు.

"ఆ గోడ ఉందని చెప్తా మావాడికి" అన్నారు పేమా గారు, కళ్లు తెరవకుండానే.

ఈ ప్రయాణం గురించి నేను ఊరంతా చాటాక, నలుగురూ వచ్చి ఆంటీనే అడిగారు. ఆమె చెప్పింది ఇంతే: "యాడికీ తీసకపోలేదు. ఆయమ్మ సోఫాలో నిద్రపోయింది. టీ చల్లారిపోతాంటే రెండు కప్పులూ నేనే తాగొచ్చినా."