మట్టి దిబ్బ మీద మంద

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మా నాయన వయసంతా పరాయి గనుల్లో పలక రాయి చీల్చాడు. జుట్టు నెరిసే వేళకు, తనకంటూ ఒక పలక రాతి గుంత ఉండాలనే పిచ్చి పట్టుకుని, ఊరి బయట కాస్త సర్కారు నేల లీజుకు తీసుకున్నాడు. పిచ్చి అన్నది అమ్మ మాట. నాకు మాత్రం ఆయన నడకే మారిపోయినట్టు ఉండేది. ఆ నడక తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

రాయి ఊరికే దొరకదు. దాని మీది మట్టంతా తవ్వి పక్కన పోయాలి. రాయి ఇంకా కనపడనే లేదు, అలా పోసిన దిబ్బ మాత్రం గుంత అంచుదాకా పెరిగిపోయింది. పెద్ద వాన పడిందా, అదంతా మళ్లీ గుంతలోకే జారుతుంది. నాయన కష్టమంతా మట్టిపాలే. తీసేద్దామంటే, అనుమతి లేకుండా గంపెడు మట్టి కూడా హద్దు దాటకూడదని లీజు కాగితంలో ఉంది. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే గనక, ‘పనికిరాని మట్టి’ అని దరఖాస్తు రాసిచ్చాను. తాలూకా కచేరీ చుట్టూ తిరిగి తిరిగి నాయన చెప్పులు అరిగిపోయాయి.

ఈలోగా ఆయనకు ఇంకో దిగులు. అనుమతి వచ్చినా ఆ మట్టి ఎవరు తీసుకెళ్తారు? మా వైపు చేనుకు సత్తువ కావాలంటే కోతలయ్యాక రాత్రుళ్లు అందులో గొర్రెల మంద పెట్టిస్తారు, వాటి పెంటికలే ఎరువు. నాయన గొర్రెలు కాసే ఒక మామను బతిమాలి, దిబ్బ పైన చదును చేసి, దాని మీదే మంద పెట్టించాడు. మట్టి కుప్ప మీద మంద పెట్టినవాణ్ని ఎక్కడా చూడలేదని ఊరంతా నవ్వింది.

"నవ్వనీలేమ్మా. రేపు బండ్లు కట్టుకోని వాళ్లే వస్తారు" అన్నాడు నాయన నాతో.

నిజంగానే బండ్లు వచ్చాయి. కాకపోతే రావలసిన రోజు కాదు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దిబ్బ చూడటానికి వచ్చిన రోజే, మంద మాట విని రాచర్ల వైపు రైతులు బండ్లు తోలుకొచ్చి హద్దు రాయి దగ్గర నిలబడ్డారు. ఆయన సరేనంటేనే అనుమతి. గుప్పెడు మట్టి తీసి చూశాడు. నిండా గొర్రె పెంటికలు.

"పనికిరాని మట్టి అని రాసినారే! మరి ఇన్ని బండ్లు ఎందుకొచ్చినాయి? ఇది ఎరువు మట్టి. దీనికి కర్నూలు నుంచి కాగితం రావాల."

నాయన ఆకాశం వైపు చూశాడు. అప్పటికే నల్లమల మీద మబ్బు కమ్ముకుంటోంది. కర్నూలు కాగితం వచ్చేదాకా వాన ఆగుతుందా?

"ఎరువంతా పైపైనే అయ్యా. ఊరికే ఇచ్చినా ఎవురూ తీసుకోరని నేనే మంద పెట్టించినా" అంటూ నాయన పార అందుకుని దిబ్బను మోకాలి లోతు కోశాడు. పైన నల్లటి పొర. కింద అంతా రాతి ముక్కలు, పొడి మట్టి.

అమ్మ వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని లాగుతోంది. అవతల రైతులు వింటున్నారు మరి. నాయన ఆగలేదు, వాళ్ల వైపే తిరిగాడు.

"మీరూ ఇనండి బావా. పై మట్టే మీ చేన్లకు. కిందిది పోసుకుంటే చేను చెడిపోతాది."

ఇన్‌స్పెక్టరు నవ్వేశాడు. బండ మీద కూర్చుని అనుమతి రాయడం మొదలుపెట్టాడు. కానీ అప్పటికే రెండు బండ్లు వెనక్కి తిరిగాయి. మిగిలినవాళ్లు మొహాలు చూసుకుంటున్నారు. చేతిలోకి వచ్చింది చేజారిపోతోందని నాకు నాయన మీద ఒళ్లు మండిపోయింది.

అప్పుడు వాళ్లలో పెద్దాయన బండి దిగాడు.

"ఇంత దూరం వచ్చి ఉత్త బండ్లు తోలుకపోతామా బావా? కిందిది చేన్లకు వద్దులే, మన దారంతా గుంతలే గదా, వాటిలో పోద్దాం. అయ్యా, దారి గుంతలు పూడ్చడానికని కూడా రాయండి."

ఇన్‌స్పెక్టరు రాశాడు. తిరిగిపోయిన బండ్లను కేకేసి పిలిచారు. ఆడా మగా అందరం గంపలెత్తాం. చివరి బండి నిండేసరికి వాన పట్టుకుంది. బండ్లు హద్దు అవతల నిలిపి, అందరూ తడుస్తూ వచ్చి గుంత పక్కనున్న మా కొట్టంలో దూరారు. అమ్మ జొన్న రొట్టెలు కాలుస్తోంది. నాయన మాత్రం లేడు. ఎక్కడికి పోయాడా అని నేను వాకిట్లోకి వచ్చానో లేదో, గుంత అడుగు నుంచి కేక వినిపించింది.

"రాయి కనపడింది! రాండి, అందరూ రాండి!"

వానలో పరుగెత్తాం. గుంత అడుగున మిగిలిన పలుచటి మట్టి వానకు ఒక మూలకు కొట్టుకుపోయి, నల్లటి పలక రాయి తళతళలాడుతోంది. నాయన దాని మీద ఉత్త కాళ్లతో నిలబడి, తనను కాదని పోబోయిన రైతులను కూడా పేరుపేరునా పిలుస్తున్నాడు.