నా నెత్తళ్ళు తెచ్చిన నియమం

నోరు జారి వీధిలో పరువు పోగొట్టుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను పోగొట్టుకున్నది ఒక్క వీధిలో కాదు, ఎన్ని దేశాల్లోనో నాకే తెలియదు. అదీ కోట ఊరి దగ్గర, సముద్రపు ఒడ్డున మా పాళెంలో, నా ఇంటి అరుగు మీద, ఒళ్ళో నెత్తళ్ళ, అంటే వేలెడంత చేపల, చాట పెట్టుకుని కూర్చునే. నేను చెబుతుంటే రాస్తున్నది నా కూతురు మంజుల. నా నోటివల్ల ముప్పు వచ్చిందీ ఆమెకే. అందుకని ఇందులో నేను మరీ తెలివితక్కువదానిలా కనిపిస్తే అది ఆమె కక్ష అనుకోండి.

నాలుగేళ్ళ కిందటి మాట. మా ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. మంజుల రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో సాఫ్ట్‌వేర్ దిద్దుతుండేది. అదేమిటని అడిగితే విడమరిచి చెప్పింది. ప్రోగ్రాములను ఒక్కోదాన్ని ఒక్కో కంటైనర్‌లో, అంటే మూత పెట్టిన డబ్బాలాంటి దాంట్లో, వేరువేరుగా పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్ అట. ఏ ఒక్కరి సొత్తూ కాదట. ఎవరైనా తెరిచి చూడవచ్చు, చినుగు కనిపిస్తే కుట్టవచ్చు. కాకపోతే కుట్టినదాన్ని పెద్దలు చూసి సరేనంటేనే లోపల కలుపుతారు. మంజుల పట్టుకున్న చినుగు ఏమిటంటే, డబ్బాను తీసేసినా దాని చెత్త మిషన్లోనే ఉండిపోతోంది. ఆ చెత్తను ఊడ్చేలా నాలుగు వరుసలు రాసింది. అవి కలిస్తే ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. కలవకపోతే లేదు.

చూసే పెద్దమనిషి, ఏ దేశంవాడో, మూడుసార్లు తిప్పి పంపాడు. ఒకసారి పెట్టిన పేరు బాగాలేదన్నాడు. ఒకసారి పరీక్ష పెట్టి చూడలేదన్నాడు. మూడోసారి పక్క డబ్బాల సంగతి ఆలోచించావా అన్నాడు. నా బిడ్డ మొహం ఎండలో మరిచిపోయిన సొరచేపలా ముడుచుకుపోయింది.

నాకు మాత్రం రోగం తెలిసిపోయింది. మా పాళెంలో చినిగిన వల ఎవరు బాగుచేసినా, పడవ ఎక్కే ముందు ఒక పెద్దమనిషి దాని రంధ్రాలను కన్ను కన్నూ వేళ్ళతో తడిమి చూస్తాడు. ఆ రోజు బాగుచేసినవాళ్ళ ఇంటినుంచి ఆయనకు పులుసు గిన్నె వెళ్ళాలి. వెళ్ళలేదా, దారం పలచన అంటాడు, ముడి వదులు అంటాడు, రంగు కూడా నచ్చలేదంటాడు. మూడుసార్లు తిప్పాడంటే గిన్నె వెళ్ళలేదనే కదా అర్థం. అంత చదివిన పిల్లకు ఇంత చిన్న సంగతి తట్టలేదే అనుకున్నాను.

ఒకరోజు మంజుల ఫోను అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. ఫోన్లో ఆ పేజీయే తెరిచి ఉంది. పెద్దమనిషి బొమ్మ గడ్డంతో సహా నాకు గుర్తే. కింద రాసే గడి. నా చదువు సంతకం వరకే అయినా, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయని తెలుసు. మా చెల్లెలితో నా తగువులన్నీ అట్లా నడిచేవే. నొక్కాను.

“అయ్యా, మా పిల్ల కుట్టింది గట్టిగానే ఉండాది. మూడుసార్లు తిప్పినావు. గిన్నె రాలేదని మనసులో పెట్టుకున్నట్టుండావు. పులుసు మీ దేశం చేరేలోపల చెడిపోతాది, ఎండు నెత్తళ్ళు రెండు కిలోలు పంపిస్తా. అడ్రస్ చెప్పు. అందినాక కలుపుదువు గానీ, ముందే కలిపినా తప్పు లేదు.”

పక్కన ఆకుపచ్చ మీట కనిపించింది. పచ్చ అంటే పొమ్మనడమే కదా. నొక్కేశాను.

తల తుడుచుకుంటూ వచ్చిన మంజుల ఫోను చూసి తువ్వాలు జారవిడిచింది.

“ఏం చేసినావు మా?”

“నువ్వు చెయ్యాల్సిన పని చేసినా.”

“ఇది ఆయనొక్కడికి పొయ్యే ఉత్తరం కాదు మా, లోకమంతా చదవతాది. నడిబజార్లో నిలబడి లంచం ఇస్తానని అరిచినట్టు.”

“లంచమేంది మే, నెత్తళ్ళు.”

వెంటనే చెరిపేసింది. అయినా ఆ పేజీని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళందరికీ అప్పటికే మెయిళ్ళు వెళ్ళిపోయాయట. వాళ్ళకు తెలుగు రాదుగా అని ధైర్యం చెప్పాను. మీట నొక్కితే ఏ భాషయినా వాళ్ళ భాషలోకి మారుతుందని చెప్పి నా ధైర్యం కూడా తీసేసింది. సాయంత్రానికి ఒకడు నెత్తళ్ళంటే ఏ చేప అని అడిగాడు. ఇంకొకడు తలలు తీసి పంపుతారా అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క చినుగూ కుట్టని మహానుభావుడొకడు నేరుగా తన అడ్రసే పెట్టాడు.

గడ్డం పెద్దమనిషి మాత్రం రెండు రోజులు పలకలేదు. ఉద్యోగం పోయినట్టేనని మంజుల అన్నం ముట్టలేదు. నేను చేప వండడం మానేశాను. ఆ వాసనకే పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

మూడో రోజు జవాబు వచ్చింది. తాను చేపలు తినడట. తిన్నా, తీసుకోకూడదట. ఇక మంజుల రాసిన వరుసలు చెత్తతోపాటు పక్క డబ్బా ఇంకా వాడుకుంటున్న సామాను కూడా ఊడ్చిపారేస్తున్నాయట. మూడోసారి అన్నదీ అదేనట. మంజుల ఈసారి పక్క డబ్బాను కూడా పెట్టి పరీక్షిస్తే నిజమే. అంటే చినుగు కుడుతూ పక్కవాడి వల కోసేసినట్టు. మా పాళెంలో అయితే అది గిన్నెతో పోయే తప్పు కాదు, పంచాయితీ పడేది. పాపం, ఆయన పులుసు కోసం కాదు, నిజంగానే కన్ను కన్నూ తడిమి చూశాడు.

మంజుల నాలుగు రోజులు కూర్చుని సరిచేసింది. ఆయన కలిపాడు. ఉద్యోగమూ వచ్చింది.

అయితే అంతకంటే ముందే ఇంకో మార్పు కలిసిపోయింది. కొత్తగా వచ్చేవాళ్ళు చదవాల్సిన నియమాల్లో ఎవరో ఒక వరుస చేర్చారు: “దిద్దుబాట్లు చూసేవాళ్ళకు చేపలు ఇస్తామనకూడదు, పచ్చివైనా, ఎండువైనా.” దాన్ని ఎవరూ తిప్పి పంపలేదు. ఒక్క పూటలో కలిపేశారు. నా కూతురు నెలన్నర కొట్టుకున్నా చేరని చోటికి నా నెత్తళ్ళు ముందే చేరి కూర్చున్నాయి. ఈ మాట రాయకుండా దాటెయ్యాలని మంజుల చూసింది, నేను ఒప్పుకోలేదు.

అందుకని మా సముద్రం వైపు తిరిగి, తడి చేతులతో ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఏ దేశపు పెద్దమనిషికీ చేపలు ఇస్తానని చచ్చినా అనను. రొయ్యల సంగతి ఆ నియమంలో ఎక్కడా లేదని మంజుల చేత రెండుసార్లు చదివించుకున్నాను.