రెబెక్కమ్మ టీచరు పరుగులు

రెబెక్కమ్మకు పరుగంటే గిట్టదు. నెల్లూరు ట్రైనింగు స్కూల్లో డ్రిల్లు పీరియడు వచ్చిందంటే తలనొప్పని చెప్పి నీడపట్టున కూర్చున్న మనిషి. 1961లో ఆమెను మైపాడు దగ్గర జాలర్లుండే ఓ పట్టపుపాళెం బడికి వేశారు. ఒకటే గది. కిటికీలోంచి సముద్రం, ఎండబెట్టిన చేపల వాసన.

ఆ బడిలో పేరమ్మకు ఎనిమిదేళ్లు. చెవులు భేషుగ్గా పనిచేసేవి. పీచుమిఠాయి గంట మోగితే అందరికంటే ముందు లేచేది. మాట మాత్రం నిలిచేది కాదు. పలక, కడవ, కాకి, అన్నీ ఆమెకు "అది". పదిసార్లు పలికించిన మాట తెల్లారేసరికి మాయం. మూగదని ఊరు తేల్చేసింది. అవ్వ నాగులమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

ఓ ఉదయం మేక ఒకటి బడిలో దూరి హాజరుపట్టీ కరుచుకుని పరిగెత్తింది. టీచరు వెంటపడింది. ఆమెను దాటుకుని పేరమ్మ దూసుకుపోయింది. ఆరేసిన వలల మధ్య నుంచి, పడవల చుట్టూ తిరిగి, చివరికి నీళ్ల అంచున మేక కొమ్ము దొరకబుచ్చుకుంది. టీచరు ఆయాసంతో ఇసుకలో కూలబడి, "నా పట్టీ... పట్టీ..." అని మూలిగింది.

మర్నాడు టీచరు ఆ నమిలిన పుస్తకం బయటికి తీయగానే పేరమ్మ వేలు చూపించి "పట్టీ" అంది.

ఈ సంగతి విని నాగులమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "కూచోబెట్టి చెప్తే దానికి ఎక్కదమ్మా. ఈదులాడి వచ్చినాక చెప్తే కొంచెం నిలస్తాది" అంది.

రెబెక్కమ్మ ఊరుకోలేదు. ఒకరోజు పరిగెత్తించి ఐదు మాటలు, ఒకరోజు కూర్చోబెట్టి ఐదు మాటలు నేర్పి చూసింది. పరుగెత్తిన మర్నాడు రెండో మూడో మిగిలేవి, కూర్చున్న మర్నాడు ఒకటి మిగిలితే గొప్ప. చిక్కల్లా ఏమిటంటే, టీచరు పరిగెత్తకపోతే పేరమ్మ అడుగు కదిపేది కాదు. అలా రెబెక్కమ్మ రోజూ చీర ఎగదోపి ఇసుకలో పరిగెత్తవలసి వచ్చింది. రెండు నెలల్లో జాకెట్లన్నీ వదులయ్యాయి.

ఓసారి ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య గారు తనిఖీకి వస్తే బడిలో ఎవరూ లేరు. అందరూ ఒడ్డున ఉన్నారు. ఇది బడా, సర్కసా అని ఆయన అడిగాడు. టీచరు రొప్పుతూనే విషయం చెప్పుకుంది. ఆయన నమ్మలేదు. ఈలోగా పేరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. పంచెతో, కోటుతో ఇన్‌స్పెక్టరు గారూ పరిగెత్తారు. కళ్లజోడు ఇసుకలో పడింది. ఆ పూట పేరమ్మకు నేర్పిన మాట అదే.

రాత్రికి మైపాడులో బస చేసి, పొద్దున్నే ఆయన మళ్లీ వచ్చాడు. పేరమ్మ ఆయన ముఖంలోకి చూసి, మాట కూడదీసుకుని "జోడు" అంది. ఈ బడిలో డ్రిల్లు చాలా బాగున్నదని ఆయన తనిఖీ పుస్తకంలో రాసి వెళ్లాడు.

అన్ని మాటలూ నిలవలేదు. ఎంత పరిగెత్తినా ఒక్కటీ దక్కని రోజులున్నాయి. పన్నెండేళ్లకు గానీ రెండో తరగతి వాచకం పూర్తికాలేదు. కానీ చేపల పేర్లలో తడబడేది కాదు. ఎవరైనా మూగదంటే "కాదు" అని తనే చెప్పేది.

1966లో టీచరుకు కోట అనే ఊరికి బదిలీ అయింది. పేరమ్మ ట్రంకుపెట్టె మీద ఎక్కి కూర్చుని, ఒక్కొక్క మాటే పోగుచేసుకుంది. "పోబాక టీచరమ్మా. నేను ఇంకా పరిగెత్తతా."

అంత పొడుగు మాట ఆ నోట అదే మొదలు. రెబెక్కమ్మ కళ్లు తుడుచుకుని, కొత్తగా వచ్చిన ఆదెయ్య మాస్టరును పక్కకు పిలిచింది. పుస్తకాల లెక్క తర్వాత చూసుకోవచ్చు, ముందు చెప్పులు విడవమంది. ఆయన తన బొజ్జను ఒకసారి, సముద్రపు ఒడ్డు పొడవును ఒకసారి చూసుకుని, మెల్లగా వంగి చెప్పులు విప్పాడు.