నాలుగో జ్యూరర్

న్యూజెర్సీలో లాయరుగా ఇన్నేళ్ళలో నేను బాగా భయపడింది ఒక ఎలివేటర్‌లో.

అప్పటి నా క్లయింట్ ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే ఒక తెలుగు ఆంటీ. ఫార్మా ల్యాబ్‌లో పనిచేసేది. మెట్ల పక్క రెయిలింగ్ ఊగుతోందని అపార్ట్‌మెంట్ ఆఫీసుకి రెండుసార్లు ఈమెయిల్ పంపింది. ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఉదయం అది ఊడి చేతికొచ్చింది. ఆంటీ కిందపడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ పట్టు తిరిగిరాలేదు. ఓనర్ మీద నష్టపరిహారం కేసు వేసింది.

జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే తీర్పు చెబితే త్వరగా తేలిపోతుందని ఓనర్ తరఫు లాయరు అన్నాడు. ఆంటీ ఒప్పుకోలేదు. "రోజూ మెట్లెక్కి దిగే మామూలు మనుషులు వినాలమ్మా," అంది.

జ్యూరీలో ఎనిమిది మంది కూర్చున్నారు. నాలుగో ఆయన తెలుగువాడు. ఎవరి పక్షమూ వహించనని ఎంపికప్పుడే జడ్జికి చెప్పాడు.

విచారణ మూడో రోజు ఉదయం అపార్ట్‌మెంట్ మేనేజర్‌ని నేను ప్రశ్నించాను. ఆ ఈమెయిళ్ళు చూపిస్తే అతను నీళ్ళు నమిలాడు. కేసు మావైపు మొగ్గిందనిపించింది. లంచ్‌కి ఎలివేటర్ ఎక్కాను. తలుపు మూసుకునేలోగా నాలుగో జ్యూరర్ లోపలికొచ్చాడు. ఇంకెవరూ లేరు. కేసు నడుస్తుండగా లాయరు జ్యూరర్‌తో మాట్లాడకూడదు. నేను తల దించుకుని నిలబడ్డాను.

"కంగారు పడకమ్మా," అన్నాడు తెలుగులో. "లోపల మిగతావాళ్ళకి నేను చెప్పుకుంటాగా."

"సర్, ప్లీజ్. నాతో మాట్లాడకండి."

ఆయన నవ్వాడు. తలుపు తెరుచుకుంది.

ఎవరూ వినలేదు. విన్నా ఆ కోర్టులో మేం తప్ప ఆ భాష అర్థమయ్యేవాళ్ళు లేరు. నేను నోరు మూసుకుంటే అక్కడితో సరి. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వరండాలో ఆంటీని పక్కకి పిలిచి జరిగింది చెప్పాను. జడ్జికి చెప్పక తప్పదన్నాను.

"ఉన్నది ఒక్క మనిషి మన తరఫున! ఆయన్నీ పోగొడతావా?"

"చెప్పకపోతే నేను ఈ పని చేయడానికి పనికిరాను ఆంటీ."

ఆమె ముఖం తిప్పేసుకుంది.

జడ్జి గదిలో ఉన్నదున్నట్టు చెప్పాను. జడ్జి ఓనర్ లాయరు వైపు తిరిగారు. "మిస్‌ట్రయల్ కోరుతున్నారా?" కోరితే ఈ జ్యూరీ రద్దవుతుంది. అంతా మొదటినుంచి. మేనేజర్ తడబాటు ఎవరూ చూడనట్టే. అతనికి అంతకంటే కావలసిందేముంటుంది? క్లయింట్‌తో మాట్లాడి వస్తానని లేచాడు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పదిహేను నిమిషాలు పట్టింది.

తిరిగొచ్చి నిలబడే చెప్పాడు. "కోరడం లేదు, యువర్ ఆనర్. ఆమె చెప్పకపోతే ఇది మనకి తెలిసేదే కాదు. మిగతావాళ్ళ చెవిన పడలేదంటే, వాళ్ళనే తేల్చనిద్దాం."

జడ్జి జ్యూరర్లని ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. ఆయన తమతో ఏమీ అనలేదని ఏడుగురూ చెప్పారు. నాలుగో జ్యూరర్‌ని పంపేశారు. నా ముందునుంచి వెళ్తూ ఆయన చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

మర్నాడు సాయంత్రం తీర్పొచ్చింది. తప్పు చాలావరకు ఓనర్‌దే. ఊగుతుందని తెలిసీ దాన్నే పట్టుకున్నందుకు కొంత ఆంటీది కూడానట. ఆ 'కొంత' దగ్గర ఆంటీ నా వైపు చూసింది.

పార్కింగ్‌లో ఆంటీ కారెక్కబోతూ ఆగింది. "ఆయన ఉండుంటే ఆ కొంచెమూ నా మీద పడేది కాదేమో."

"పడేది కాదేమో," అన్నాను.

"నిన్న నిన్ను బాగా తిట్టుకున్నా. రాత్రి ప్రార్థనకి కూర్చుంటే అదే గుర్తొచ్చి ప్రార్థన సాగక లేచిపోయా." ఎడమ చేత్తో తలుపు తీసింది. "కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆదివారం మాత్రం మా ఇంటికి భోజనానికి రా."