పద్నాలుగు శాతం తేమ

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని రోజుల్లో, నాలో లేని సుగుణమంటూ లేదు. కోపం రాదు, బద్ధకం తెలియదు, పుట్టినప్పటి నుంచి అబద్ధమే ఆడలేదు. సూర్యాపేటలో మాకు ఉద్యోగ పరీక్షల కోచింగ్ ఇచ్చిన సారు నేర్పిన సుగుణాలివి. "మంచి మాట కనబడితే 'పూర్తిగా నిజం' మీద టిక్కు పెట్టున్రి, ఇగ నౌకరీ మీదే" అనేవాడాయన.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వాళ్లు వడ్లు కొనే సూపర్‌వైజర్ పోస్టుకు అలాంటి పరీక్షే పెట్టారు. నౌకరీ వచ్చినట్టేనని మా నాన్న అప్పటికే వాడకట్టంతా చెప్పేశాడు. నాతోపాటు మాడుగులపల్లి మేనమామ కూతురు కూడా రాసింది. పేపర్లో 'నేనెప్పుడూ ఆలస్యంగా రాను' అని ఉంటే పూర్తిగా నిజమన్నాను (బస్సు తప్పిపోయి అరగంట లేటుగా వచ్చి, ఇంకా రొప్పుతూనే ఉన్నాను). 'గింజ కొరికి వడ్లలో తేమ ఎంతో చెప్పగలను' అంటే అదీ పూర్తిగా నిజమే. వడ్ల బస్తాల మీద పడుకోవడం తప్ప వడ్లతో నాకు వేరే పరిచయం లేదు. పక్కకు చూస్తే మరదలు దానికి 'నిజం కాదు' మీద టిక్కు పెట్టింది.

"ఏందే, నౌకరీ వద్దా నీకు?" అన్నాను గుసగుసగా.

"రానిది వస్తదని ఎట్ల పెట్టాలె బావా?"

మధ్యాహ్నం మిల్లు యజమాని మమ్మల్ని పిలిచి, బల్ల మీద గుప్పెడు వడ్లు పోశాడు. నేనొక గింజ కొరికి, కళ్లు మూసుకుని, అనుభవం ఉన్నవాడిలా తలూపి, "పద్నాలుగు శాతం సార్" అన్నాను. తేమ కొలిచే మిషన్ ఇరవై రెండు చూపించింది. "నిన్ను పెట్టుకుంటే నా గోదాముల మొలకలొస్తయ్ పిల్లగా" అన్నాడాయన. గది గదంతా నవ్వింది. గింజ ఉమ్మాలో మింగాలో తెలియక మింగేశాను.

తర్వాత మరదలి వంతు. "నాకు రాదు సార్. మా నాయినకు వస్తది. మిషన్ ఇయ్యున్రి, సూసి చెప్త. కొనేటోడెవడో ఉత్తగనే కొరికి పచ్చిగున్నయంటే, మా నాయిన ఎండిన వడ్లను మళ్ల రెండు దినాలు ఎండబోసిండు. ఇంకో రైతుకు నేను గట్ల చెయ్య" అంది. ఆయన మిషన్ ఆమె చేతిలో పెట్టాడు. నౌకరీ ఆమెదే. నిజానికి నాకు కుళ్లు రావాలి. రాలేదు. ఇంత నిబ్బరం గల మనిషి మా ఇంటి పిల్ల అని ఛాతీ ఉప్పొంగింది. (మా నాన్న ముఖం గుర్తొచ్చాక మళ్లీ మామూలైంది.)

నెల తిరక్కముందే కోదాడలో ఇంకో ఆఫీసు పరీక్ష రాశాను. 'ఎప్పుడైనా అబద్ధం ఆడారా?' అన్నచోట 'ఆడాను' మీద టిక్కు పెట్టాను. ఇంటర్వ్యూలో మేడమ్ నవ్వుతూ, "చివరిసారి ఎప్పుడు?" అని అడిగింది.

"మిర్యాలగూడలో మేడమ్, నోట్లో గింజ పెట్టుకుని" అని జరిగిందంతా చెప్పేశాను. ఇప్పటికీ ఆ ఆఫీసులోనే ఉన్నాను.

మరదలు ఇప్పుడు ఆ మిల్లులో మేనేజర్. కోతల కాలం వస్తే చాలు, ఫోన్ చేసి, "బావా, గింజ కొరుకుడు వచ్చిందా?" అని అడుగుతుంది.

"ఇంకా రాలేదే" అంటాను. ఆ మాట అనడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.