మిరప మంట, పిడికెడు బియ్యం

మొన్న ఆదివారం జనగామలో మా సంఘం ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే, మందిరం వాకిలి పక్కనుండే బియ్యం డబ్బా కనిపించలేదు. ఎవరూ బియ్యం వేయడం లేదని సామాన్ల గదిలో పెట్టేశారట. అసలు ఆ డబ్బా ఎందుకని మనవరాలు అడిగింది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ప్రభువు పేరున దాచి, ఆదివారం తెచ్చి అందులో పోసేవాళ్లమని చెప్పాను. “దేవుడు అన్నం తింటడా అమ్మమ్మా?” అంది. నవ్వాను గానీ, ఆ డబ్బాతో ముడిపడి నాలోనూ తెగని ప్రశ్న ఒకటుంది.

పెళ్లైన కొత్తలో మా వారికి పాస్టరుగా దంతాలపల్లి దగ్గర చిన్న సంఘం అప్పగించారు. రేకుల మందిరం, పదో పన్నెండో విశ్వాస కుటుంబాలు. ఆ పిడికెడు బియ్యంతోనే మా పొయ్యి వెలిగేది, మిగిలినవి సంఘంలోని పేదలకు వెళ్లేవి. బాప్తిస్మం పొందినవారికే ఇవ్వాలన్నది సంఘపెద్ద పెట్టిన నియమం. నాకు మామయ్య వరుసయ్యే ఆయన, బియ్యానికి వచ్చినవాడు బియ్యం అయిపోగానే వెళ్లిపోతాడనేవారు. రక్షణ పాఠాలు కంఠస్థం చేసి వచ్చిన నాకు అది సబబుగానే తోచేది.

ఆ ఏడు మిరపకాయలు ఏరడానికి కొత్తగూడ అడవి వైపు నుంచి కూలీలు వచ్చి చేల దగ్గర గుడిసెలు వేసుకున్నారు. వారిలో ఒక అవ్వ నా దగ్గరికి వచ్చి, కూతురు గుడిసెలోనే ప్రసవించి లేవలేక పడి ఉందని, ఇన్ని బియ్యం ఉంటే జావ కాచి పోస్తానని అడిగింది. ఇవ్వాలనే ఉంది, కానీ నియమం అడ్డొచ్చింది. ఆదివారం వాక్యం వినడానికి రమ్మన్నాను.

పాపం, చేనులోంచి నేరుగా వచ్చింది. ఆ రోజు వాక్యం చెప్పే వంతు నాది. సిలువ శ్రమల గురించి చెబుతుంటే అవ్వ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి, తుడుచుకున్నకొద్దీ ఎక్కువయ్యాయి. నా గుండె ఉప్పొంగింది. మారుమనస్సు పొందింది, ఇక బాప్తిస్మమూ తీసుకుంటుంది, బియ్యమూ ఇవ్వవచ్చు అనుకుని, అందరి ముందూ స్తోత్రం చెప్పి సాక్ష్యం చెప్పమని ఆమెను లేపాను.

“ఏం సాచ్చెం బిడ్డా? పొద్దుగాల్నుంచి మిరపకాయ ఏరిన. గా చేతులతోనే కండ్లు నలుచుకున్న. ఒకటే మంట!”

ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. నేను తల దించుకుని, ప్రభువును నమ్ముతున్నానని ఒక్క మాట అంటే చాలని ఆమె చెవిలో గొణిగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“తెల్వని దేవుని గురించి ఒట్టిగ ఎట్ల చెప్త? బియ్యం కోసం అబద్ధమాడాల్నా?” అని అవ్వ వెళ్లబోయింది.

మా వారు ఇంట్లోంచి మజ్జిగ ముంత తెచ్చి నా చేతిలో పెట్టారు. మెట్టు మీద కూర్చోబెట్టి ఆ మజ్జిగతో అవ్వ చేతులు కడిగాను. వేళ్ల సందులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. తర్వాత ఎవరినీ అడగకుండా డబ్బా మూత తీసి ఆమె కొంగులో బియ్యం పోశాను.

“గవి సంఘం బియ్యం, కోడలా!” అని మామయ్య గద్దించారు.

“నువ్వు జర ఊకో. రోజూ పిడికెడు తీసేది నా చెయ్యి, నీది గాదు” అంది ఆయన భార్య.

అవ్వ కొంగు ముడేసుకుంటూ, “ముందుగాల బిడ్డకు జావ పోసొస్త. గా సిలువ ముచ్చట మల్ల చెప్పాలె. మంటకు ఒక్క ముక్క ఇనరాలే” అంది.

బియ్యం దొరికాక ఇక రాదనే అనుకున్నాను. కానీ సాయంత్రం మొహం కడుక్కుని వచ్చి, చివరిదాకా కదలకుండా విన్నది. విని ఒక్కటే అడిగింది, సిలువ వేసిన ఆ రోజు ఆయన తల్లికి ఎవరైనా ఇంత అన్నం పెట్టారా అని.

మిరప కాపు అయిపోగానే కూతురినీ పసిబిడ్డనూ తీసుకుని అవ్వ కొత్తగూడ వైపు వెళ్లిపోయింది. తర్వాత ఆమె బాప్తిస్మం పొందిందో లేదో నాకు తెలియదు. రక్షణ కృప వల్లనే కలుగుతుందనీ, బియ్యంతో దాన్ని కొనలేమనీ ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. అయితే ఆ కృప అవ్వ దగ్గరికి ఏ దారిన నడిచిందో, నా వాక్యంలోంచో, మా వారి మజ్జిగ ముంతలోంచో, ప్రభువు ముఖం చూసిన రోజున అడగాలని ఉంది.

ఇప్పుడు మా సంఘం చందాలతో కొని పేదలకు బియ్యం సంచులే పంచుతోంది, ఆ రోజుల్లో మేమిచ్చినదానికి ఎన్నో రెట్లు. సంతోషమే. కానీ వండబోయే బియ్యం ముందు ఎవరి చెయ్యీ ఒక్క క్షణం ఆగడం లేదు. ఈ ఉదయం కుక్కర్‌లో బియ్యం పోయబోతూ అలవాటుగా పిడికెడు తీశాను. ఎక్కడ వేయాలో తెలియక, గుప్పిట మూసుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.