మారేడాకు గుర్తున్న మడత కత్తులు

గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజుల్లో నేను రాజమండ్రిలో, రేవుకు దగ్గరగా ఉన్న మా పెంకుటింటి వసారాలో కూర్చుని మడత కత్తులకు పిడులు చేసేవాణ్ణి. అలుగులు, అంటే కోసే రేకులు, రామచంద్రపురంలో మా బావ కొలిమిలో తయారయ్యేవి. ఆయన మా అక్క మొగుడు. ఆ ఇనుము కాలవ పడవలో నా దగ్గరికి వచ్చేది, పిడి తొడుక్కుని తిరిగి బావ దగ్గరికి పోయేది. కోటిపల్లి తీర్థంలోనూ సామర్లకోటలోనూ ఆయనే దుకాణం పెట్టి అమ్మేవాడు.

చూడ్డానికి ఆ కత్తిలో గొప్ప ఏమీ లేదు. అరచేతిలో ఇమిడిపోతుంది. మడిస్తే అలుగు పిడిలో తొలిచిన గాడిలోకి వెళ్లిపోతుంది. రెండింటినీ పట్టి ఉంచేది ఒక్క ఇత్తడి చీల. అది వదులైతే కత్తి తనంతట తాను తెరుచుకుని మొలలో గుచ్చుకుంటుంది, బిగుసుకుంటే తెరవబోయినవాడి గోరు విరుగుతుంది. ఆ చీల కొట్టడం నేర్చుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది.

మామిడికాయ కోయడానికీ కలం చెక్కడానికీ ఏ కర్ర పిడైనా సరిపోతుంది. అయినా గంధపు పిడి ఒకసారి పట్టుకున్నవాళ్లు వేరేది ముట్టేవారు కాదు. మొలలో దోపుకుని పొలం గట్ల మీద తిరుగుతుంటే ఒంటి వేడికి వాసన మెల్లగా లేచేది. తమలపాకు తొడిమ కోసి, కత్తి మడిచి, అరచెయ్యి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోని పెద్దమనిషిని నేను చూడలేదు. ఏళ్లు గడిచేకొద్దీ పిడి నునుపెక్కి, తేనె రంగుకి తిరిగేది. వాసన మాత్రం పోయేది కాదు. గంధపు చెక్క మన మన్యంలో దొరకదు. మైసూరు వైపు నుంచి ఓడలో వచ్చి కాకినాడలో దిగేది, అక్కడ బావ కొని నాకు పంపేవాడు. అందులోనూ నేను లోపలి చేవ ఒక్కటే వాడేవాణ్ణి. పైన ఉండే తెల్లటి పొరకు వాసన ఉండదు.

నన్ను పెంచింది మా అక్క. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. అక్క కాపురానికి వెళుతూ నన్నూ వెంట తీసుకెళ్లింది. బావ ఏమీ అనలేదు. ఆరేళ్లు వాళ్లింట్లోనే తిన్నాను. ఆ తరవాత నాన్న వడ్రంగం నేర్పడానికి నన్ను మళ్లీ రాజమండ్రి తెచ్చుకున్నాడు. నేను సొంతంగా చేసిన మొదటి పిడి పట్టుకుని పడవెక్కి అక్క దగ్గరికి వెళ్లాను. అక్క దాన్ని తిప్పి తిప్పి చూసి, బొగ్గు ముక్కతో అరుగు మీద మూడాకుల మారేడు రెమ్మ గీసింది.

"ఇది నీ గుర్తురా. ప్రతి పిడి మీదా వెయ్యి. మా తమ్ముడు చేశాడని నలుగురికీ తెలియాలి," అంది.

అప్పటినుంచి వేశాను. బాడిసె దెబ్బ తగిలి నా బొటనవేలు సరిగ్గా వంగేది కాదు. అందుకని నేను చెక్కిన గుర్తులో మధ్య ఆకు కాస్త ఎడమకు ఒరిగి ఉండేది. అది చూసి కత్తి నాదని జనం పోల్చుకునేవారు.

నాన్న పోయిన మరుసటి ఏడాది, పంట కోతల రోజుల్లో బావ మా ఇంటికి వచ్చాడు. ఆ విడత అలుగులు తేలేదు.

"ఈ ఏడు గంధం లేదురా బావమరిదీ. కాకినాడంతా గాలించాను. ఓడే రాలేదంట. కొన్నాళ్లు వేరే పని చూసుకో," అన్నాడు.

ఆయన ముఖం చూసి నాకే జాలేసింది. "ఏం ఫర్వాలేదు బావా. ఇవాళ కాకపోతే రేపొస్తుంది," అని నేనే ధైర్యం చెప్పాను. ఆ ఏడాదంతా బండి చక్రాలూ తలుపు చట్రాలూ చేశాను. కత్తుల కోసం వచ్చినవాళ్లకి చెక్క లేదండి, కొంచెం ఓపిక పట్టండి అని చెప్పి పంపేవాణ్ణి.

తొలకరి పడ్డాక ఒక పొద్దున వీధిబడి పంతులుగారొకరు మా గుమ్మం ముందు నిలబడ్డారు. కోటిపల్లి దగ్గర పల్లెటూరు ఆయనది. పంచె అంచుకి బురద అంటి ఉంది.

"మారేడాకు కత్తులు చేసేది నువ్వేనా అబ్బాయ్?"

"ఆయ్, నేనేనండి. లోపలికి రండి."

ఆయన కూర్చోలేదు. ఉత్తరీయం కొంగు విప్పి ఒక కత్తి నా చేతిలో పెట్టారు. "శివరాత్రి తీర్థంలో కొన్నాను. నెలన్నాళ్లు పూజగదిలా ఘుమఘుమలాడింది. మామిడిపండు కోసి కడిగానో లేదో, ఇలా అయింది. నీతో తగువుకి రాలేదు నాయనా. ఎందుకిలా అయిందో చెబుతావని వచ్చాను."

పిడి ఉబ్బి అలుగును పట్టేసింది. పసుపు రంగు కారిపోయి కింద తెల్లటి కర్ర బయటపడింది. అంకుడు కర్ర. మా వైపు బొమ్మలు చేసే మెత్తటి కర్ర అది, నూనె పోస్తే పీల్చుకుంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గుడ్డ వాసన వేసింది. అలుగు మాత్రం బావదే, మచ్చలేని ఇనుము. తిప్పి చూశాను. మారేడాకు ఉంది. మధ్య ఆకు ఎడమకు ఒరిగి ఉంది.

"నాదేనండి," అన్నాను. నోటి నుంచి అదే మాట వచ్చింది. "బాగుచేసి ఇస్తాను. వారం రోజులు గడువివ్వండి."

మర్నాడే ధవళేశ్వరం లాకుల దగ్గర పడవెక్కాను. దారి పొడుగునా ఎవరో నా గుర్తు దొంగిలించారనీ, బావ కూడా మోసపోయి ఉంటాడనీ అనుకున్నాను. ఇద్దరం కలిసి ఆ దొంగను ఎలా పట్టుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నానికి వాళ్లింటికి చేరాను. ముందు గదిలో ఎవరూ లేరు. పెరట్లోకి వెళ్లాను. అక్క చేట నిండా తెల్లటి పిడులు పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో పసుపు కలిపిన గంధపు నూనె. మణికట్ల దాకా చేతులు పచ్చగా ఉన్నాయి. ఒళ్లో సన్న ఉలి.

నన్ను చూడగానే చేతులు కొంగులో దాచుకుంది. "ఎప్పుడొచ్చావురా? కబురైనా పెట్టలేదు. అన్నం తిన్నావా?"

"ఏంటక్కా ఇది?"

"మీ బావ చెయ్యమన్నాడు."

"గుర్తెవరు చెక్కుతున్నారు?"

అక్క ఒళ్లో ఉన్న ఉలి తీసి చేటలో పెట్టింది. "ఆ గుర్తు నేను గీసిందే కదరా," అంది.

"నాకిచ్చావు కదా," అన్నాను. పాతికేళ్ల మగవాణ్ణి, నాలుగేళ్ల పిల్లాడిలా వినిపించింది నా గొంతు నాకే. "మధ్య ఆకు కూడా వంచావు."

"వంచకపోతే నీదని నమ్మరు," అంది తల ఎత్తకుండా.

మాటలు విని బావ కొలిమి దగ్గర నుంచి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. కంగారుపడలేదు. చేట మీద ఒక చూపు వేసి అరుగు మీద కూర్చున్నాడు.

"ఓడ రాలేదన్నావు కదా బావా," అన్నాను.

"వచ్చింది. చెక్క ధర పెరిగింది. నువ్వేమో చేవ తప్ప ముట్టనంటావు. జనానికి కావాల్సింది వాసన. కొన్నప్పుడు వస్తోంది కదా!"

"తరవాత?"

"తరవాత ఎవడు వెతుక్కుంటూ వస్తాడు?"

"మా గుమ్మం ముందుకొచ్చారు. పొద్దున్నే బురదలో నడిచి వచ్చారు ఒక పంతులుగారు."

బావ మళ్లీ చెమట తుడుచుకున్నాడు. "చూడరా, ఆరేళ్లు నా ఇంట్లో తిని పెరిగావు. నేనెప్పుడైనా ఎత్తి చూపానా? నీ గుర్తు మీద నాకు ఆ మాత్రం హక్కు లేదా?"

నేను అక్క వైపు చూశాను. ఆ తిండి పెట్టింది ఆవిడ చేతులే. ఆ మాట తప్పని ఆవిడ అంటే చాలు, మిగతాదంతా మరిచిపోయేవాణ్ణేమో. అక్క గిన్నె అంచుకి కారుతున్న నూనెని వేలితో తుడిచి మళ్లీ గిన్నెలోకే జార్చింది.

ఆ పూట అక్కడ తినకుండా వచ్చేశాను. వాళ్లింట్లో అలా చేయడం అదే మొదటిసారి.

ఇంట్లో ఒక పాత గంధపు ముక్క మిగిలి ఉంది. నాన్న దాచింది. దాన్ని కోసి పంతులుగారి కత్తికి పిడి వేశాను. ఆయన తీసుకుని వాసన చూసి, "ఇదీ అసలైంది!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. "మరి అదెవరు చేశారోయ్?" అని అడిగారు. పొరపాటు జరిగిందండి అన్నాను. బావ అని చెబితే అక్క పేరు కూడా వస్తుంది. నోరు రాలేదు.

ఆ తరవాత మరో పది పన్నెండు మంది వచ్చారు. చెక్క ఉన్నంతవరకూ పిడులు మార్చి ఇచ్చాను. చెక్క అయిపోయాక టేకు పిడులు వేసి ఇచ్చాను. కొందరు ఊరుకున్నారు. రామచంద్రపురం నుంచి వచ్చిన ఒక రైతు మాత్రం నా వసారాలో నిలబడి, "మీ నాన్న బతికుంటే సిగ్గుతో చచ్చేవాడు," అన్నాడు. తల వంచుకుని విన్నాను. కొత్త పిడుల మీద గుర్తు వేయడం మానేశాను.

ఇంకో వానాకాలం వచ్చింది. ఈలోగా జనం తెలుసుకున్నారు. తీర్థాల్లో బావ దుకాణం ముందు ఎవరూ ఆగడం లేదని విన్నాను. ఒకరోజు అక్క ఒక్కతే వచ్చింది. వసారాలో నేలమీద కూర్చుంది.

"మీ బావ వంతెన పనిలో చేరదామనుకుంటున్నాడు. నువ్వొక్కసారి మళ్లీ పిడులు చేసిస్తే కొలిమి నిలబడుతుంది. అసలు చెక్కతోనే. ఒట్టురా."

"చెయ్యలేనక్కా."

"నామీద కోపమా?"

కోపమైతే చెప్పడం తేలికయ్యేది. ఆవిడ గుర్తు గీసిచ్చిన పనిని ఆవిడ చేతులకి మళ్లీ అప్పగించలేకపోతున్నాను. అది చెప్పడం చేతకాక, "పని ఉంది," అన్నాను. నేనిచ్చిన మజ్జిగ తాగకుండా లేచింది. ఇదివరకు అక్క ఎప్పుడొచ్చినా నేను సంచి పట్టుకుని రేవుదాకా వెళ్లేవాణ్ణి. ఆ రోజు చెక్కకి చిత్రిక పడుతూ కూర్చున్నాను.

రెండు రోజుల తరవాత పడవ నడిపే సరంగు కనిపించి, "మీ అక్కగారు మొన్న రెండు పడవలు వదిలేశారండి. తమ్ముడొస్తాడు, వస్తాడు అంటూ సాయంత్రందాకా రేవులోనే కూర్చున్నారు," అన్నాడు.

ఆ తరవాత పెళ్లిళ్లలో, కర్మల్లో కలుసుకున్నాం. ఒకరికొకరం వడ్డించుకున్నాం. వాన పడుతోందనో, కాలవ కట్టేశారనో మాట్లాడుకునేవాళ్లం. ఆ రోజు రేవుకి వెళ్లి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. అనిపించని రోజులు కూడా ఉన్నాయి.